బాబ్‌క్యాట్: టర్కీ కోళ్ల షెడ్డు కోసం పుట్టిన మెషీన్ ఇన్ని చేతులు ఎందుకు మారింది?

ముందు బకెట్‌తో మట్టి, సరుకు ఎత్తిపోసే చిన్న లోడర్లకి పేరుపడ్డ బాబ్‌క్యాట్ ఏ దేశం కంపెనీ అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. మెషీన్ పుట్టింది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఫ్యాక్టరీ పెరిగింది పక్కనున్న నార్త్ డకోటాలో, ఓనర్లేమో దక్షిణ కొరియా వాళ్లు. పోనీ వ్యవసాయ పరికరాల కంపెనీయా, నిర్మాణ యంత్రాల కంపెనీయా అంటే అదీ సూటిగా తేలదు. పొలం పనిముట్లతో మొదలై, రోడ్డు పనులు, బిల్డింగ్ పనుల్లో పేరు తెచ్చుకుని, మధ్యలో పొలాన్ని దాదాపు వదిలేసి, ఈ మధ్య మళ్లీ చిన్న ట్రాక్టర్లు అమ్ముతోంది.

చేతులు చాలాసార్లు మారిన కంపెనీ అనగానే నష్టాల్లో కూరుకుపోయిందేమో, ఎవరికీ అక్కర్లేక అమ్మేసి ఉంటారు అనుకుంటాం. ఇక్కడ దాదాపు ఎప్పుడూ దానికి రివర్స్‌లోనే జరిగింది. మెషీన్ సంపాదిస్తూనే ఉంది, ఆ సంపాదన చూసే ఒకరి తర్వాత ఒకరు కొన్నారు, అమ్మినవాళ్లు కూడా తమ వేరే అవసరాల కోసమే అమ్మారు. ఈ తేడా పట్టుకుంటే ఎనభై ఏళ్ల చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. దానికి ముందు రెండు కుటుంబాల గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే మెషీన్ చేసినవాళ్లు ఒకరు, కంపెనీ పెట్టినవాళ్లు మరొకరు.

ముందు కంపెనీ సంగతి. నార్త్ డకోటాలో గ్విన్నర్ అని చిన్న ఊరుంది, ఇప్పటికీ జనాభా వెయ్యి దాటలేదు. అక్కడి రైతు ఎడ్వర్డ్ గిడియన్ మెల్రో. ఆ ప్రాంతంలో ధాన్యపు పైరుని కోసి, పనలు వరసలుగా పొలంలోనే పరిచి ఆరనిచ్చి, తర్వాత కంబైన్ హార్వెస్టర్‌తో ఆ వరసల్ని ఎత్తించి నూర్పిడి చేసేవాళ్లు. ఎత్తేటప్పుడు గింజలు బాగా రాలిపోయేవి, ఆరిన కంకి కదా, కొంచెం గట్టిగా లాగితే చాలు నేలపాలు. మెల్రో తన సొంత పొలం కోసం స్ప్రింగు పళ్లతో వరసని మెత్తగా పైకి లేపే పికప్ ఒకటి తయారుచేసుకున్నాడు, అది చూసి పక్క రైతులూ కావాలన్నారు. 1947లో మెల్రో మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అలా మొదలైంది. 1955లో ఆయన చనిపోయాక నలుగురు కొడుకులు, అల్లుడు యూజీన్ డాల్ కలిసి నడిపారు. అప్పటికి అది పూర్తిగా పొలం పనిముట్ల కంపెనీ. ఇలాంటి కంపెనీకి ఒక శాపం ఉంటుంది, పంట బాగుంటే అమ్మకం, లేకపోతే లేదు, అదీ ఏడాదిలో కొన్ని నెలలే. సీజన్‌తో సంబంధం లేకుండా అమ్ముడుపోయే సరుకు ఏదైనా దొరికితే బాగుండునని వాళ్లు చూడటంలో వింతేం లేదు.

ఇక మెషీన్ సంగతి. మిన్నెసోటాలో రోత్సే అనే పల్లెలో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అని ఇద్దరు అన్నదమ్ములకి వెల్డింగ్, రిపేరు షాపు ఉండేది. 1956లో ఎడ్డీ వెలో అనే టర్కీ కోళ్ల రైతు వాళ్ల దగ్గరికి ఒక సమస్యతో వచ్చాడు. ఆయన షెడ్లలో కింద కోళ్లు, పై అంతస్తులోనూ కోళ్లు. కింద పరిచిన పొట్టు, దాంట్లో కలిసిన పెంట బ్యాచ్ బ్యాచ్‌కీ ఎత్తిపోయాలి. ఫోర్కులు, పారలు పట్టుకుని మనుషులు రోజుల తరబడి చెయ్యాల్సిన పని, అమోనియా ఘాటులో ఊపిరి ఆడని పని. లోడరు బిగించిన ట్రాక్టర్ పెడదామంటే షెడ్డు నిండా స్తంభాలు, తిరగడానికి చోటు చాలదు, పై అంతస్తుకి ఎక్కిస్తే చెక్క నేల ఆ బరువు మొయ్యదు. ఆయన అడిగింది రెండే రెండు: తేలిగ్గా ఉండాలి, స్తంభాల మధ్య ఇట్టే తిరగాలి.

అన్నదమ్ములు ఇద్దరూ షాపులో దొరికిన ఇనుముతో కూర్చుని తయారుచేసి, 1957 ఫిబ్రవరి 4న ఆ రైతుకి అప్పగించారు. దాని పనితీరు కాస్త వివరంగా చూద్దాం, తర్వాత వచ్చే కోట్ల డాలర్ల బేరాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

ఆ మెషీన్‌కి చక్రాలు మూడే. ముందు రెండు ఇంజన్‌తో నడిచేవి, వెనకున్న ఒక్కటి ఆఫీసు కుర్చీ కింద చక్రంలాగా ఎటు లాగితే అటు తిరిగేది. స్టీరింగ్ లేదు. ఎడమ చక్రానికి ఒక లివర్, కుడి చక్రానికి ఒక లివర్. రెండూ ముందుకి తోస్తే ముందుకి పోతుంది, రెండూ వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వేస్తే? ఉన్న చోటే గిర్రున తిరుగుతుంది. స్తంభానికీ గోడకీ మధ్య ఇరుక్కున్నా సరే, తన పొడవు పట్టేంత చోటుంటే చాలు, మొహం తిప్పుకుని బయటికి రావచ్చు. ట్రాక్టర్ డ్రైవరు ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు కోసుకోవాల్సిన మూలలో ఇది ఒక్క తిప్పులో తిరిగేది.

మొదటి మెషీన్‌లో శక్తిని చక్రాలకి చేరవేసింది బెల్టులు, పుల్లీలు. బరువు ఎత్తి, మాటిమాటికీ దిశ మారుస్తూ నడిపితే బెల్టు జారుతుంది, అరుగుతుంది. ఇది ఎక్కువకాలం నిలవదని తెలిసి కెల్లర్ సోదరులు క్లచ్‌లతో పనిచేసే ట్రాన్స్‌మిషన్ ఒకటి తయారుచేశారు. ఒక్కో పక్క చక్రాన్ని విడిగా ముందుకో వెనక్కో నడపగలగడం, అది కూడా బెల్టు తెగుతుందన్న భయం లేకుండా నడపగలగడం, ఆ ట్రాన్స్‌మిషన్ వల్లే సాధ్యమైంది. తర్వాత దానికి పేటెంట్ వచ్చింది. నా ఉద్దేశంలో వాళ్ల అసలు ఆవిష్కరణ అదే. మూడు చక్రాల బండి ఎవరైనా చెయ్యొచ్చు, రోజుకి వందసార్లు ముందుకీ వెనక్కీ కొట్టినా తట్టుకునే డ్రైవ్ చెయ్యడం వేరు.

అన్నదమ్ములు ఇంకొన్ని మెషీన్లు చేసి అమ్మారు, కానీ పల్లెటూరి వెల్డింగ్ షాపులో ఎన్నని చేస్తారు, పెట్టుబడి ఏదీ. ఇక్కడే రెండు కథలూ కలిశాయి. వాళ్ల బంధువు ఒకాయన మెల్రో పనిముట్ల డీలరు. ఆయన మాట మీద మెల్రో వాళ్లు 1958లో మిన్నెసోటా స్టేట్ ఫెయిర్‌లో తమ స్టాల్ దగ్గర ఈ లోడర్‌ని పెట్టనిచ్చారు. స్టేట్ ఫెయిర్ అంటే లక్షల మంది జనం వచ్చే పెద్ద తిరునాళ్లు. జనం గుమిగూడి చూడటం చూశాక మెల్రో కుటుంబం తయారీ హక్కులు తీసుకుంది, అన్నదమ్ములిద్దర్నీ ఉద్యోగంలోకి తీసుకుని గ్విన్నర్‌కి రప్పించింది. లూయిస్ షాపులో కొత్త మోడళ్ల మీద కూర్చున్నాడు, సిరిల్ అమ్మకాల వైపు వెళ్లి ఊరూరా మెషీన్ నడిపి చూపించాడు. హక్కులు రాయించుకుని కనిపెట్టినవాళ్లని ఇంటికి పంపేసిన కంపెనీలు ఎన్నో ఉన్నాయి, మెల్రో వాళ్లు అలా చెయ్యలేదు. మెషీన్ త్వరగా మెరుగుపడటానికి ఇదే పెద్ద కారణమని నేను నమ్ముతాను.

మెల్రో పేరుతో వచ్చిన మొదటి మోడల్ ఎం60, మూడు చక్రాలదే. షెడ్డులో, కాంక్రీటు నేల మీద బాగానే ఉండేది. బయటికి తీసుకొచ్చి మట్టిలో, ఎగుడుదిగుడుగా ఉన్న చోట పెడితే పట్టు దొరికేది కాదు. బకెట్ ఖాళీ చేయగానే ముందు చక్రాల మీద బరువు తగ్గిపోతుంది కదా, నడిచేవి అవే కదా, ఇక మట్టిలో తిరిగి తిరిగి అక్కడే ఉండిపోయేది. నిర్మాణ పనుల వాళ్లకి అమ్మాలంటే ఇది కుదరదు. 1960లో వెనక కూడా నడిచే చక్రాలు పెట్టి, నాలుగు చక్రాలతో ఎం400 తెచ్చారు. ఇవాళ ప్రపంచమంతా స్కిడ్ స్టీర్ లోడర్, అంటే చక్రాలు జారుతూ మలుపు తిరిగే లోడర్, అని పిలిచే యంత్రానికి మొదటి అసలు రూపం అది.

నాలుగు చక్రాలు పెట్టడం చెప్పినంత సులువు కాదు. మూడు చక్రాలప్పుడు వెనకది దానంతట అదే తిరిగేది కాబట్టి మలుపుకి అడ్డం లేదు. ఇప్పుడు నాలుగూ కదలకుండా నిటారుగా బిగించి ఉన్నాయి, ఏ చక్రమూ పక్కకి తిరగదు. మరి బండి ఎలా తిరుగుతుంది? ఒక పక్క రెండు చక్రాలు ముందుకి, రెండో పక్కవి వెనక్కి పోతుంటే, టైర్లు నేల మీద అడ్డంగా జారాల్సిందే. నాలుగూ సమానమైన బరువుతో నేలని పట్టుకుని ఉంటే జారడానికి విపరీతమైన శక్తి కావాలి, టైర్లు చిరిగిపోతాయి, ఇంజన్ మూలుగుతుంది. కిటుకంతా బరువు పంపకంలో ఉంది. ఇంజన్‌ని వెనక పెట్టడం వల్ల బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 70 శాతం బరువు వెనక చక్రాల మీదే ఉంటుంది, అప్పుడు తేలిగ్గా ఉన్న ముందు చక్రాలు జారుతూ బండి వెనక ఇరుసు మీద తిరుగుతుంది. బకెట్ నిండగానే లెక్క తారుమారై బరువు ముందుకి వస్తుంది, ఇప్పుడు వెనకవి జారతాయి. ఎప్పుడు చూసినా ఒక కొన బరువుగా, ఒక కొన తేలిగ్గా ఉంటుందన్నమాట. చక్రాల మధ్య దూరం కూడా అందుకే తక్కువ. దీన్ని కాగితం మీద లెక్క గట్టి కాదు, చేసి, నడిపి, విరిగితే మార్చి సాధించారు.

1962లో ఎం440 వచ్చింది, బాబ్‌క్యాట్ పేరు దానితోనే మొదలు. ఉత్తర అమెరికా అడవుల్లో ఉండే చిన్న అడవి పిల్లి పేరు అది. గట్టిది, చురుకైనది, ఇట్టే ఒదిగిపోయేది అని ప్రకటనల్లో చెప్పుకున్నారు. తర్వాత వచ్చిన ఎం600తో అమ్మకాలు నిజంగా ఊపందుకున్నాయి.

ఇక్కడి నుంచి కొనేవాళ్లు మారిపోయారు. షెడ్డులో స్తంభాల మధ్య తిరగగలిగిన మెషీన్ ఇంకెక్కడెక్కడ తిరగగలదో జనమే కనిపెట్టారు. కట్టిన ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో మట్టి నింపడం, ఎరువుల గోడౌన్లలో కుప్పలు నెట్టడం, ఫౌండ్రీల్లో ఇసుక ఎత్తడం, ఓడల అడుగున మిగిలిపోయిన సరుకుని ఒక చోటికి చేర్చడం, చలికాలంలో పేవ్‌మెంట్ల మీద మంచు తీసెయ్యడం. అప్పట్లో పెద్ద లోడర్ల కంపెనీలు ఎంత ఎక్కువ ఎత్తగలం అన్న పోటీలో ఉన్నాయి, ఇరుకు సందులో పనికి పారే గతి. ఆ ఖాళీలోకి బాబ్‌క్యాట్ దూరింది. అందుకే నేను దీన్ని చిన్న సైజు లోడరు అని పిలవడానికి ఇష్టపడను. పెద్ద లోడరుతో పోటీ పడలేదు ఇది, కూలి మనిషి వంచిన నడుముతో పోటీ పడింది.

1969లో మెల్రో కుటుంబం కంపెనీని మిషిగన్ రాష్ట్రపు క్లార్క్ ఎక్విప్‌మెంట్‌కి అమ్మేసింది. క్లార్క్ అప్పటికే ఫోర్క్‌లిఫ్టులకి, పెద్ద లోడర్లకి పేరున్న సంస్థ. డీలర్లు, విదేశీ మార్కెట్లు, పెట్టుబడి అన్నీ ఉన్నాయి. దాదాపు ఆ రోజుల్లోనే కేస్, న్యూ హాలండ్, గెల్, జాన్ డీర్ లాంటి కంపెనీలు కూడా స్కిడ్ స్టీర్‌లు తేవడం మొదలుపెట్టాయి, పల్లెటూరి కుటుంబ కంపెనీగా ఉండి వాటిని తట్టుకోవడం కష్టమే.

క్లార్క్ చేతికి వెళ్లాక 1970లో వచ్చిన ఒక చిన్న భాగం గురించి చెప్పుకోకపోతే ఈ కథ సగమే. బాబ్-టాచ్ అంటారు దాన్ని. లోడరు చేతుల చివర ఒక ఫ్రేము, దానికి రెండు లివర్లు. బకెట్ విప్పి ఇంకో పనిముట్టు తగిలించాలంటే అంతకుముందు పిన్నులు కొట్టి తీసి, రంధ్రాలు సరిచేసి, మళ్లీ కొట్టి బిగించాలి, సుత్తి పట్టిన ఇద్దరు మనుషులు కావాలి. బాబ్-టాచ్‌తో డ్రైవరు ఒక్కడే మెషీన్‌ని పనిముట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఫ్రేము పై అంచుని దాని కొక్కెం కిందికి దూర్చి, కొంచెం పైకి లేపి, దిగి రెండు లివర్లు కిందికి నొక్కితే అయిపోతుంది. పొద్దున బకెట్, పదకొండింటికి గుంతలు తవ్వే ఆగర్, మధ్యాహ్నం కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్, సాయంత్రం రోడ్డు ఊడ్చే చీపురు. ఆ రెండు లివర్లతో మెషీన్ స్వభావమే మారింది. అప్పటిదాకా అది లోడరు. తర్వాత అది ఏ పనిముట్టుకైనా శక్తినిచ్చే బండి అయింది, పైగా లోడరు ఒకసారి కొన్నవాడు పనిముట్లు మాత్రం జీవితాంతం కొంటూ ఉంటాడు, కంపెనీకి అది నిలకడైన ఆదాయం. చిన్న కాంట్రాక్టరు నాలుగు మెషీన్ల బదులు ఒకటి కొని నాలుగు రకాల పనులు ఒప్పుకోగలిగాడు.

ఒకటి మాత్రం దాచకూడదు. ఈ మెషీన్ ప్రమాదకరమైనది కూడా. డ్రైవరు కూర్చునేది రెండు లిఫ్ట్ చేతుల మధ్యలో, ఎక్కేదీ దిగేదీ ముందు నుంచి, అంటే బకెట్ మీదుగా. చేతులు పైకి లేపి ఉండగా కిందికి వంగినా, లివర్ పొరపాటున తగిలినా ప్రాణం మీదికి వస్తుంది. తొలి మోడళ్లకి క్యాబిన్ కూడా లేదు. తర్వాత తర్వాత బోల్తాపడినా నలగని ఫ్రేము, ఒళ్లోకి దించుకుంటే తప్ప చేతులు కదలనివ్వని సీట్ బార్ వచ్చాయి. సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇంజన్ గంటలు కాదు, ఆ సీట్ బార్ పనిచేస్తోందా లేక ఎవరైనా వైరు పీకి బైపాస్ చేశారా అని.

ఇక ఓనర్ల వరస. 1995లో పారిశ్రామిక యంత్రాలు చేసే ఇంగర్సోల్-ర్యాండ్ కంపెనీ క్లార్క్‌ని సుమారు 150 కోట్ల డాలర్లకి కొన్నది. క్లార్క్ మొదట అమ్మనంది, ఇంగర్సోల్-ర్యాండ్ వదల్లేదు. వాళ్ల కన్ను పడినవాటిలో ముఖ్యమైనది మెల్రో విభాగమే. అంటే క్లార్క్ నష్టపోయి అమ్ముడుపోలేదు, తన చేతిలో ఉన్న బంగారు బాతు వల్లే అమ్ముడుపోయింది. తర్వాత మందు చల్లే స్ప్రా-కూప్ వాహనాల వ్యాపారం 1998లో వ్యవసాయ యంత్రాల కంపెనీ ఆగ్కోకి వెళ్లింది, కొన్నాళ్లకి మెల్రో పేరు కూడా తీసేసి కంపెనీ మొత్తానికి బాబ్‌క్యాట్ అని పెట్టారు. గోధుమ వరసలు ఎత్తే పికప్‌తో మొదలైన పొలం వ్యాపారం అలా పక్కకి జరిగిపోయింది. ఆ మెల్రో రైతు ఇంటిపేరు పూర్తిగా తీసెయ్యకుండా ఏదో ఒక మోడల్‌కైనా ఉంచితే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

2007లో ఇంగర్సోల్-ర్యాండ్ బాబ్‌క్యాట్‌ని, దాంతోపాటు పోర్టబుల్ కంప్రెసర్లు, జనరేటర్లు లాంటి వ్యాపారాల్ని, అటాచ్‌మెంట్లని కలిపి 490 కోట్ల డాలర్లకి కొరియా దూసాన్ గ్రూపుకి అమ్మింది. కొరియా కంపెనీ ఒకటి విదేశాల్లో చేసిన కొనుగోళ్లలో అప్పటికి అదే అతి పెద్దది. ఇంగర్సోల్-ర్యాండ్ ఎందుకు అమ్మింది? ఎయిర్ కండిషనింగ్ వైపు మళ్లాలనుకుంది, అదే ఏడాది చివర్లో ట్రేన్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. దూసాన్ ఎందుకు కొన్నది? ఇది ఇంకా ఆసక్తికరం. 1896లో సియోల్‌లో బట్టల దుకాణంగా మొదలై, బీరు, ఆహార పదార్థాలతో పెద్దదైన గ్రూపు అది. 1990ల చివరి ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత వినియోగ వస్తువుల్ని అమ్మేసుకుంటూ భారీ పరిశ్రమలోకి వచ్చింది. 2001లో కొరియా హెవీ ఇండస్ట్రీస్‌ని, 2005లో దేవూ యంత్రాల కంపెనీని కొన్నది. ఎక్స్‌కవేటర్లు ఉన్నాయి కానీ అమెరికాలో పెద్దగా పేరు లేదు, డీలర్ల బలమూ లేదు. బాబ్‌క్యాట్‌తో రెండూ ఒకేసారి వచ్చాయి.

టైమింగ్ మాత్రం ఘోరంగా కుదిరింది. డబ్బులో చాలా భాగం అప్పు, బేరం ముగిసింది 2007 నవంబర్ చివర, అమెరికాలో ఇళ్ల నిర్మాణం అప్పటికే కుప్పకూలుతోంది. చిన్న లోడర్లు, మినీ ఎక్స్‌కవేటర్లు ఎక్కువగా అమ్ముడయ్యేది ఇళ్ల పనులకే కాబట్టి దెబ్బ నేరుగా తగిలింది. 2008 ఆగస్టులో దూసాన్ ఇంకో 100 కోట్ల డాలర్లు అందులో పెట్టాల్సి వస్తుందని చెప్పగానే గ్రూపు షేర్లు కుప్పకూలాయి. 2009లో నార్త్ డకోటా రాజధాని బిస్మార్క్‌లో ఉన్న ఫ్యాక్టరీని మూసి, పనంతా గ్విన్నర్‌కి చేర్చాలని నిర్ణయించారు. వందల మంది ఉద్యోగాలు పోయాయి. కంపెనీ చరిత్రలో మెషీన్ కూడా నిజంగా దెబ్బతిన్నది ఈ రెండేళ్లలోనే.

అమెరికాలో నిర్మాణం కోలుకోగానే బాబ్‌క్యాట్ కూడా లేచింది. 2014లో పది లక్షలవ లోడర్ బయటికొచ్చింది. 2016 నవంబర్‌లో దూసాన్ బాబ్‌క్యాట్ పేరుతో కొరియా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది, అక్టోబర్‌లో ఒకసారి ప్రయత్నించి స్పందన లేక వాయిదా వేసి, ధర తగ్గించి మళ్లీ వచ్చారు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. గ్రూపుకి భారమైన కొనుగోలు కాస్తా గ్రూపుని మోసే వ్యాపారమైంది. 2020లో పవర్ ప్లాంట్లు కట్టే దూసాన్ హెవీ అప్పుల్లో మునిగి ప్రభుత్వ బ్యాంకుల ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు గ్రూపు చాలా ఆస్తులు అమ్మింది. పెద్ద ఎక్స్‌కవేటర్ల కంపెనీ దూసాన్ ఇన్‌ఫ్రాకోర్‌ని కూడా 2021లో హ్యుందాయ్ హెవీ గ్రూపుకి ఇచ్చేసింది. బాబ్‌క్యాట్ మాత్రం ఇవ్వలేదు, బేరానికి ముందు దాన్ని విడదీసి దూసాన్ హెవీ కిందికి మార్చుకుంది.

2024లో జరిగిన గొడవ కూడా దీని కొనసాగింపే. ఆ జులైలో గ్రూపు ఒక ప్లాన్ ప్రకటించింది: లాభాల్లో ఉన్న బాబ్‌క్యాట్‌ని దూసాన్ ఎనర్బిలిటీ, అంటే పాత దూసాన్ హెవీ, దాని నుంచి విడదీసి, నష్టాల్లో ఉన్న దూసాన్ రోబోటిక్స్ కిందికి తేవాలి, చివరికి రెండూ ఒకటి చెయ్యాలి. ఒక బాబ్‌క్యాట్ షేరుకి సుమారు 0.63 రోబోటిక్స్ షేరు ఇస్తామన్నారు. మార్కెట్ ధరల ప్రకారం లెక్క చట్టబద్ధమే. కానీ రోబోటిక్స్ షేరు భవిష్యత్తు ఆశల మీద బాగా పెరిగి ఉంది, బాబ్‌క్యాట్ షేరు దాని సంపాదనతో పోలిస్తే తక్కువలో ఉంది. ఏటా గట్టిగా సంపాదించే కంపెనీలో వాటా ఇచ్చేసి, ఇంకా లాభం చూడని కంపెనీ కాగితాలు తీసుకోమంటే చిన్న ఇన్వెస్టర్లు ఎందుకు ఊరుకుంటారు? గ్రూపు పైన ఉన్న హోల్డింగ్ కంపెనీకి ఎనర్బిలిటీ కంటే రోబోటిక్స్‌లో వాటా ఎక్కువ, అంటే ఈ మార్పుతో ఎవరికి లాభమో చూసేవాళ్లకి తెలిసిపోయింది. కొరియా ఆర్థిక నియంత్రణ సంస్థ పత్రాలు సరిచేయమని వెనక్కి పంపింది, షేర్ల మార్పిడి ఆగస్టు చివర్లో వదిలేశారు, సవరించిన ప్లాన్‌ని డిసెంబర్‌లో కొరియాలో సైనిక పాలన ప్రకటన గందరగోళంలో షేర్లు పడిపోయాక పూర్తిగా రద్దు చేసుకున్నారు. ఇన్వెస్టర్ల కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం. టర్కీ రైతు కోసం చేసిన బండి మీద వచ్చే డబ్బుని ఏ జేబులోకి మళ్లించాలన్నదే అక్కడ అసలు తగాదా.

ఇంతలో మెషీన్లు ఆగలేదు. 2019లో చిన్న ట్రాక్టర్లతో మళ్లీ పొలం వైపు వచ్చారు, వాటిని తయారుచేసి ఇస్తున్నది కొరియాకే చెందిన దేడాంగ్. 2022 జనవరిలో లాస్ వేగస్ ఎలక్ట్రానిక్స్ షోలో టీ7ఎక్స్ అనే పూర్తి ఎలక్ట్రిక్ ట్రాక్ లోడర్ (చక్రాల బదులు పట్టాల మీద నడిచేది) చూపించారు, దాంట్లో హైడ్రాలిక్ సిలిండర్ల బదులు ఎలక్ట్రిక్ మోటర్లే చేతుల్ని లేపుతాయి. 2023లో కెల్లర్ సోదరుల పేర్లు అమెరికా జాతీయ ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాయి. లూయిస్ 2010లోనే వెళ్లిపోయాడు, సిరిల్ 2020లో 98 ఏళ్లకి. బతికుండగా ఇచ్చుంటే ఎంత బాగుండేది.

మన దగ్గర ఈ మెషీన్ ఎందుకు పెద్దగా కనిపించదు అన్నది చాలామంది అడిగే ప్రశ్న. సిమెంటు, స్టీలు, ఎరువుల ఫ్యాక్టరీల్లో, పోర్టుల్లో, కొన్ని మున్సిపాలిటీల్లో కనిపిస్తుంది కానీ ఊళ్లలో కనిపించదు. ఇక్కడ 1979లో హర్యానాలో తయారీ మొదలుపెట్టిన జేసీబీ బ్యాక్‌హో లోడరుదే రాజ్యం, దానికి కారణం కూడా సరైనదే. ముందు బకెట్‌తో ఎత్తుతుంది, వెనక చేత్తో తవ్వుతుంది, పని అవగానే రోడ్డు మీద తనంతట తానే పక్క ఊరికి పోతుంది, గంట లెక్కన అద్దె. స్కిడ్ స్టీర్‌కి లోతుగా తవ్వే చెయ్యి లేదు, ఊరికీ ఊరికీ మధ్య లారీ ఎక్కించాలి, పనిముట్లు విడిగా కొనాలి, ఒక్కోటీ ఖరీదైనదే. కూలి రేటు తక్కువ ఉన్నంతకాలం ఆ లెక్క కుదరదు. దూసాన్ బాబ్‌క్యాట్ కూడా ఇది గ్రహించినట్టుంది, మన సరిహద్దు తడకి దగ్గర్లోనే, తమిళనాడులో ఉన్న గుమ్మిడిపూండి ప్లాంటులో బ్యాక్‌హో లోడర్లు తయారుచేస్తోంది. స్కిడ్ స్టీర్‌ని ప్రపంచానికి ఇచ్చిన కంపెనీ ఇక్కడ జేసీబీ నిలబడిన తరహా బండిని కూడా అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది.

కానీ కూలి రేటు ఇప్పుడు మునుపటిలా లేదు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న రాష్ట్రాలు మనవి, లేయర్ షెడ్ల కింద నెలల తరబడి పేరుకున్న పెంట తియ్యడానికి మనుషులు దొరకడం లేదని కోళ్ల రైతులు గోల పెడుతున్నారు. చాలాచోట్ల షెడ్డు స్తంభాల మధ్య దూరం, పైన బోనుల ఎత్తు ట్రాక్టర్ లోడర్‌కి చాలవు. టర్కీ రైతు వెలో అడిగిన రెండు కోరికలే ఇక్కడా పనికొస్తాయి. ఏ ఒక్క రైతూ తన షెడ్డు కోసం స్కిడ్ స్టీర్ కొనలేడు, ఏడాదిలో కొద్దిరోజుల పనికి అంత పెట్టుబడి దండగ. ఒక ప్రాంతంలోని ఇరవై ముప్పై ఫారాలు తిరిగి గంట లెక్కన పనిచేసే అద్దె బండిగా, మిగతా రోజుల్లో ఆగర్, చీపురు తగిలించుకుని ఇతర పనులు చేసేదిగా వస్తే మాత్రం లెక్క కుదురుతుంది. కొత్త షెడ్డు కట్టేవాళ్లు అప్పటిదాకా ఆగక్కర్లేదు, స్తంభాల మధ్య ఆరేడు అడుగులు, కింద మెషీన్ దూరేంత ఎత్తు ఇప్పుడే వదిలి పెట్టుకోవచ్చు.